బ్యాటరీ తిరగేసి కలిపాక కారు స్టార్ట్ కావడం లేదా? ఈసీఎం మీద నింద వేసే ముందు చేయాల్సిన పరీక్షలు

బ్యాటరీ డౌన్ అయింది. పక్క కారు నుంచి జంపర్ కేబుల్ వేశారు. చీకట్లో ఎర్ర క్లిప్పు మైనస్‌కి, నల్ల క్లిప్పు ప్లస్‌కి పడ్డాయి. టప్‌మని ఒక మెరుపు. క్లిప్పులు పీకేసి సరిగ్గా పెట్టినా ఇక మీటర్‌లో ఒక్క లైటూ వెలగదు. షెడ్డుకు చేరిస్తే బానెట్ పూర్తిగా ఎత్తకముందే వినిపించే మాట: ‘ఈసీఎం కొట్టేసింది సార్.’

ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. అది కొట్టేసి ఉండొచ్చు. కానీ ఆ మాట చివర్లో రావాలి. ఈసీఎంకి కరెంటు అందుతోందా, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) అందుతోందా, దాని మీద ఆధారపడిన సెన్సర్లలో ఏదైనా షార్ట్ అయి లైన్ వోల్టేజిని కిందికి లాగుతోందా అన్నవి తేల్చకుండా దాన్ని మార్చడమంటే వేల రూపాయలతో జూదమాడటమే. పైగా అసలు లోపం వైరింగ్‌లోనే ఉండిపోతే కొత్తదీ కాలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శి బ్యాటరీ దగ్గర మొదలై ఒక్కో అడుగూ లోపలికి వెళుతుంది. వరుస తప్పించకండి.

ఆ ఒకటి రెండు సెకన్లలో ఏం జరిగింది

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) లోపల కనీసం ఆరు డయోడ్లు, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు, ఉంటాయి. బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా అవి అడ్డుకుంటాయి. ప్లస్ మైనస్ తారుమారైతే అవే డయోడ్లు తలుపులు తెరిచేస్తాయి. వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకుపోతాయి. బ్యాటరీ పక్కనే ఉండే మెయిన్ ఫ్యూజు పేలేది ఇందుకే. చాలా కార్లలో అది 80 నుంచి 140 ఆంపియర్ల మధ్య ఉంటుంది. అది త్వరగా పేలితే మీ అదృష్టం.

ఈసీఎం కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. చాలా వాటిలో కరెంటు లోపలికి వచ్చే చోటే ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. వోల్టేజి హద్దు మీరినా, తిరగబడినా అది కరెంటును నేరుగా ఎర్త్‌కి మళ్లించి ఫ్యూజును పేల్చేస్తుంది. ఒక్కోసారి ఈ పనిలో తానే షార్ట్ అయిపోతుంది. అప్పుడు ఎన్ని కొత్త ఫ్యూజులు పెట్టినా పోతూనే ఉంటాయి. కొన్ని రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చుల) కాయిల్‌కి అడ్డంగా కూడా చిన్న డయోడ్ ఉంటుంది, దానిదీ ఇదే కథ. మామూలు ఫిలమెంట్ బల్బులకు మాత్రం ప్లస్ మైనస్‌తో పనిలేదు. కాబట్టి ‘హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, వైరింగ్ బాగానే ఉంది’ అనుకోవడానికి వీల్లేదు.

దెబ్బ తగలడానికి రెండో దారి కూడా ఉంది. డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే పాత అలవాటు ఇప్పటికీ కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. పాత అంబాసిడర్ల కాలంలో అది చెల్లిందేమో. ఇప్పుడు అలా పీకితే, వోల్టేజిని బిగించి ఉంచే డయోడ్లు లేని డైనమో నుంచి 80 నుంచి 100 వోల్టుల దెబ్బ క్షణంలో అన్ని మాడ్యూళ్ల (కారులోని చిన్న కంప్యూటర్ల) మీదా పడొచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16750 పరీక్షల్లో వాడే అంకెలూ ఇంచుమించు ఇవే. ఈ రకం దెబ్బలో ఫ్యూజులు బాగానే ఉండి లోపలి భాగాలు పోతాయి. కాబట్టి కారు యజమానిని మొదట అడగాల్సింది ‘ఏం జరిగింది’ అని కాదు. ‘ఇంజిన్ నడుస్తోందా, ఆగి ఉందా? మెరుపు ఎక్కడ వచ్చింది?’ అని అడగండి.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్. హోల్డర్‌కి రెండు వైర్లు కలిపిన 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు. కారు కంప్యూటర్లలోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్. అన్నిటికన్నా ముఖ్యంగా మీ కారు మోడల్‌కి, ఆ సంవత్సరానికి సరిపోయే వైరింగ్ డయాగ్రమ్. వందకు పైగా పిన్నులున్న ఈసీఎం కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ముందు డయాగ్రమ్ లేకుండా కూర్చోవడం కళ్లకు గంతలు కట్టుకుని వెతకడమే. ఫోన్‌కి కలిపే చౌక బ్లూటూత్ స్కానర్ ఇంజిన్ కోడ్ల వరకు పనికొస్తుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ మాడ్యూల్ కోడ్లు చాలాసార్లు దానికి కనపడవు.

జాగ్రత్తలు రెండు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో మీటర్ పిన్ను పెట్టొద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఏ మాడ్యూల్ కప్లర్‌నీ ఊడదీయొద్దు. ముందు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ తీసి, కొన్ని నిమిషాలు ఆగండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆలోచన ఉంటే దేన్నీ ముట్టుకోకముందే ఫోటోలు తీసి కంపెనీకి చెప్పండి. మామూలు మోటార్ పాలసీలో కేవలం ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కి కవర్ ఉండదు. యాడ్-ఆన్లు ఏమున్నాయో పాలసీ కాగితంలో చూసుకోండి.

మొదటి అడుగు: బ్యాటరీ

బ్యాటరీ వైర్లు రెండూ విప్పి, కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం, 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. ఇక్కడ ఒక వింత కూడా ఎదురవ్వొచ్చు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి తిరగేసిన జంపర్‌ని కాసేపు అలాగే ఉంచితే అది తిరగబడి చార్జ్ అవుతుంది. ప్లస్ గుర్తున్న చోట మీటర్ మైనస్ అంకె చూపిస్తే అదే జరిగినట్టు. ఆ బ్యాటరీని మళ్లీ కారుకు కలపొద్దు.

కొత్త బ్యాటరీ తెచ్చేటప్పుడు ప్లస్ ఎటువైపు ఉందో చూడండి. ఒకే సైజు బ్యాటరీ కుడి, ఎడమ రెండు రకాలుగానూ దొరుకుతుంది. ఈ తిరగేసే ప్రమాదాలు కొన్ని అక్కడే పుడతాయి. అనుమానముంటే రంగును నమ్మకండి, పోస్టుల లావు చూడండి. ప్లస్ పోస్టు ఎప్పుడూ కాస్త లావుగా ఉంటుంది.

నిండా చార్జ్ అయిన బ్యాటరీ లేకుండా మిగతా పరీక్షలు మొదలుపెట్టొద్దు. వోల్టేజి తక్కువైతే మాడ్యూళ్లు పిచ్చి కోడ్లు ఇస్తాయి. వాటి వెంట పడితే రోజంతా వృథా.

రెండో అడుగు: ఫ్యూజులు, బల్బు పరీక్ష

మెయిన్ ఫ్యూజుతో మొదలుపెట్టండి. చాలా కార్లలో అది బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి బ్యాటరీ మైనస్ తీశాకే విప్పాలి. ఆ తర్వాత ఇంజిన్ బేలోని, డ్యాష్‌బోర్డు కింది చిన్న ఫ్యూజులు. వాటిని పీకి కంటితో చూడటం కన్నా పెట్టినచోటే ఉంచి, పైన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల దగ్గరా ఎర్త్‌కి వోల్టేజి చూడటం నయం. ఒకవైపు 12 ఉండి రెండోవైపు సున్నా అయితే పోయినట్టే. కొన్ని ఫ్యూజులకు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వస్తుంది, కాబట్టి రెండుసార్లు చూడాలి.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే విలువది పెట్టండి: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కి నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. రాగి తీగ చుట్టి పంపించే వాళ్ల దగ్గరికి కారు తీసుకెళ్లకండి.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే మూడోది పెట్టే ముందు ఆగండి. దాని స్థానంలో మన 21 వాట్ల బల్బును కలపండి. లైన్‌లో షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలుగుతుంది. కరెంటు రెండు ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి వైర్లు కాలవు. ఇప్పుడు ఆ ఫ్యూజు మీద ఉన్న కప్లర్లను ఒక్కోటీ ఊడదీయండి. ప్రతిసారీ కరెంటు ఆపి, ఊడదీసి, మళ్లీ కలిపి చూడాలి. ఏది తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో లేదా బాగా డిమ్ అవుతుందో షార్ట్ ఆ వైపే ఉంది. మెయిన్ ఫ్యూజు దగ్గర ఇదే పని 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుతో చేస్తే స్పష్టంగా తెలుస్తుంది. డిమ్‌గా వెలిగితే మాత్రం కంగారు పడొద్దు, మామూలు లోడ్ ఉన్నా అలా వెలుగుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఇంతకు మించిన పరీక్ష లేదు. ఖర్చు ఒక బల్బు, తేలేది సగం కేసు.

మూడో అడుగు: డైనమో

బ్యాటరీ మైనస్ తీసి, డైనమో వెనక ఉండే లావు ప్లస్ వైరును బోల్టు విప్పి పక్కకు తీయండి. మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర పిన్ను డైనమో బాడీకి, నల్ల పిన్ను ఆ బోల్టుకి ఆనించండి. ఉజ్జాయింపుగా 0.8 నుంచి 1 వోల్టు దాకా చూపించాలి. పిన్నులు మారిస్తే ఏమీ చూపించకూడదు. రెండు వైపులా సున్నా దగ్గర ఉంటే డయోడ్లు షార్ట్. డయోడ్ ప్లేటు మార్పించుకోవచ్చు, మొత్తం డైనమో కొనక్కర్లేదు.

నాలుగో అడుగు: ఈసీఎంకి తిండి అందుతోందా

ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? పెట్రోల్ కారైతే వెనక సీటు వైపు పంపు రెండు సెకన్లు గుయ్‌మన్నదా? రెండూ లేకపోతే ఈసీఎం నిద్ర లేవలేదు. ఎందుకు లేవలేదో ఇప్పుడు చూడాలి.

ఈసీఎంకి మామూలుగా మూడు రకాల ప్లస్‌లు వస్తాయి. బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది ఒకటి, తాళం ఆన్ చేస్తే వచ్చేది ఇంకోటి, మెయిన్ రిలే ద్వారా వచ్చేది మూడోది. వీటికి తోడు మూడు నాలుగు ఎర్త్ పిన్నులు. డయాగ్రమ్‌లో వాటి నంబర్లు గుర్తుపెట్టుకుని, కప్లర్ ఊడదీసి, కారు వైపు కప్లర్‌లో పరీక్షించండి.

మీటర్ ఒక్కదానితో తృప్తి పడొద్దు. కాలిపోయి ఒకే ఒక పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌కి 12.5 వోల్టులు చూపించేస్తుంది. లోడ్ పడితే చాలు కూలిపోతుంది. కాబట్టి ప్రతి ప్లస్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. ఫుల్‌గా వెలగాలి. వెలుగుతున్నప్పుడు బల్బు మీద వోల్టేజి బ్యాటరీ వోల్టేజి కన్నా 0.3 వోల్టులకు మించి తగ్గకూడదు. తర్వాత బ్యాటరీ ప్లస్‌కీ ప్రతి ఎర్త్ పిన్నుకీ మధ్య అదే బల్బు. ఈ బల్బును కప్లర్ ఊడదీసిన ప్లస్, ఎర్త్ లైన్ల మీదే వాడాలి, సెన్సర్ వైర్ల మీద పొరపాటున కూడా పెట్టొద్దు. లావు పిన్ను గుచ్చి కప్లర్ టెర్మినల్‌ని వెడల్పు చేయొద్దు, మీరే కొత్త లూజు కనెక్షన్ సృష్టించిన వాళ్లవుతారు.

మెయిన్ రిలే దగ్గర ఒక చిక్కుంది. చాలా కార్లలో ఆ రిలేని ఈసీఎమ్మే ఎర్త్ ఇచ్చి లాగుతుంది. ఈసీఎం ఊడదీస్తే రిలే లేవదు, మూడో ప్లస్ రాదు. అది చూసి వైరింగ్ పోయిందనుకోవద్దు. రిలే కంట్రోల్ పిన్నుని చిన్న వైరుతో ఎర్త్‌కి తాకించండి. టక్‌మని రిలే పడి ప్లస్ రావాలి. రాకపోతే రిలేని బయటికి తీసి కాయిల్ కొలవండి: సాధారణంగా 60 నుంచి 100 ఓమ్‌ల మధ్య ఉంటుంది. రెండు వైపులా సున్నా చూపిస్తే లోపలి డయోడ్ షార్ట్.

ఎర్త్ పట్టీ గురించి ఒక మాట. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక తీగని చాలామంది చూడరు. జంపర్ క్లిప్పు బాడీకి వేసి ఉంటే ఆ భారీ కరెంటు అంతా దానిలోంచే పోయి ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్ పోస్టుకీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య కొలిస్తే 0.3 వోల్టులు దాటకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పట్టీ ఏ ప్రమాదం లేకుండానే తుప్పుపట్టి ఉంటుంది.

ఐదో అడుగు: స్కానర్

స్కానర్ లైటే వెలగకపోతే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు ప్లస్, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉన్నాయేమో చూడండి. ఆ ప్లస్ చాలా కార్లలో ఛార్జింగ్ సాకెట్ లేదా స్టీరియో ఫ్యూజు నుంచే వస్తుంది. రెండో అడుగులో దాన్ని వదిలేసి ఉంటారు.

స్కానర్ వెలిగి ఈసీఎం పలకకపోతే ఏబీఎస్‌నో, మీటర్ క్లస్టర్‌నో పలకరించండి. వాటిలో ఏదైనా జవాబిచ్చి యూ0100 కోడ్ చూపిస్తే, ‘ఇంజిన్ ఈసీఎం నాతో మాట్లాడటం లేదు’ అని చెబుతున్నట్టు. అంటే సమాచార లైన్ మొత్తం చావలేదు, ఈసీఎం లేవలేదు లేదా దాని కొమ్మ వైరు తెగింది. ఏదీ పలకకపోతే ఏడో అడుగుకు వెళ్లండి.

కోడ్లు వస్తే వెంటనే చెరిపేయొద్దు. అన్నీ ఫోటో తీసుకోండి. పీ0562, పీ0563 లాంటి వోల్టేజి కోడ్లు జరిగిన ప్రమాదపు మచ్చలు మాత్రమే. ఇప్పుడు చెరిపి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. వెంటనే తిరిగి వచ్చేవే అసలు లోపాలు. పీ0685 వస్తే మెయిన్ రిలే సర్క్యూట్‌ని మళ్లీ చూడండి. పీ0641, పీ0651 అయితే సెన్సర్ల 5 వోల్టుల లైన్. పీ0601, పీ0606 తిరిగి తిరిగి వస్తుంటే మాత్రం ఈసీఎం లోపలి మెమరీ లేదా ప్రాసెసర్ మీద అనుమానం బలపడుతుంది.

ఆరో అడుగు: 5 వోల్టుల లైన్

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. ఈసీఎం తన లోపలే 5 వోల్టులు తయారుచేసి త్రాటిల్, మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది), యాక్సిలరేటర్ పెడల్, చాలా కార్లలో ఏసీ ప్రెషర్ సెన్సర్‌కి కూడా పంపుతుంది. కొన్ని సెన్సర్లు ఒకే లైన్‌ని పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయితే మిగతా వాటికీ 5 వోల్టులు అందవు, ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వస్తాయి. కొన్ని కార్లలో స్కానర్ కూడా కలవదు. చూసేవాళ్లకు అచ్చం ఈసీఎం పోయినట్టే ఉంటుంది.

ఒక సెన్సర్ కప్లర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్‌లో కొలవండి. 4.9 నుంచి 5.1 దాకా ఉంటే మంచిది. సున్నా గానీ, ఒకటి రెండు వోల్టులు గానీ ఉంటే మీటర్ అక్కడే ఉంచి, అదే లైన్‌లోని మిగతా సెన్సర్లను ఒక్కోటీ ఊడదీయండి. ఏది తీయగానే 5 వోల్టులు లేచి వస్తాయో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే బ్యాటరీ, ఈసీఎం కప్లర్ తీసి ఆ వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఓమ్‌లు చూడండి. షార్ట్ ఉంటే వైరింగ్‌లో, లేకపోతే ఈసీఎం లోపల. 5 ఉండాల్సిన చోట 12 కనిపిస్తే పక్క వైరు తొడుగు కరిగి దీనికి అంటుకుంది. అప్పుడు ఇగ్నిషన్ వెంటనే ఆపేయండి.

ఏడో అడుగు: క్యాన్ లైన్

బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన ఈ పద్ధతిలో మాడ్యూళ్లన్నీ మెలితిప్పిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైన్ ఎక్కడో తెగింది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ కలిసిపోయాయి, లేదా ఏదో మాడ్యూల్ లోపల షార్ట్. మధ్యలో గేట్‌వే (లైన్ల మధ్య సమాచారాన్ని అందించే మాడ్యూల్) ఉన్న కొత్త కార్లలో ఈ పిన్నుల నుంచి లోపలి లైన్ కనపడకపోవచ్చు, అప్పుడు డయాగ్రమ్ చూసి ఏదైనా మాడ్యూల్ దగ్గరే కొలవాలి.

బ్యాటరీ కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే 6వ పిన్నులో రెండున్నర వోల్టులకు కాస్త పైన, 14లో కాస్త కింద ఉండాలి. ఒకటి సున్నాకో 12కో అతుక్కుపోతే, ప్రతిసారీ ముందు చెప్పినట్టు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి, మాడ్యూళ్లను వరుసగా ఊడదీయండి. బయట పెట్టించుకున్న టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్ ఉంటే వాటినే ముందు తీయండి. ఇలాంటి ప్రమాదంలో మొదట చచ్చేవి అవే, మిగతా లైన్‌ని పట్టుకుని లాగేవీ అవే.

వైరింగ్ బాగు చేసేటప్పుడు

భారీ కరెంటు నడిచిన దారినే వెతకండి: బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, డైనమో, బాడీ ఎర్త్. అక్కడ పైతొడుగు గట్టిపడినా, మెరుస్తూ ఉబ్బినా లోపల వైర్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. టేపు విప్పి చూడాల్సిందే. లోపం వచ్చి పోతూ ఉంటే మీటర్ పెట్టి హార్నెస్‌ని (వైర్ల కట్టని) అంగుళం అంగుళం కదుపుతూ చూడండి. అతుకు వేస్తే సాల్డర్ లేదా మంచి క్రింప్, పైన వేడికి బిగుసుకునే స్లీవ్. వట్టి టేపుతో చుట్టిన మెలిక ఒక వర్షాకాలం దాటదు. క్యాన్ వైర్లను అతికాక మళ్లీ మెలితిప్పాలి.

ఇప్పుడు ఈసీఎం

ప్లస్‌లు, ఎర్త్‌లు లోడ్ మీద బాగున్నాయి. 5 వోల్టుల లైన్‌లో, క్యాన్‌లో బయటి షార్ట్ లేదు. అయినా ఈసీఎం లేవడం లేదు. ఇప్పుడు దాన్ని అనుమానించే హక్కు మనకుంది.

ఊడదీసిన ఈసీఎం మీద ప్లస్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య డయోడ్ మోడ్‌లో కొలవండి. రెండు వైపులా బీప్ మోగితే మొదట్లో చెప్పుకున్న రక్షణ డయోడ్ షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. సర్క్యూట్ బోర్డు పని తెలిసిన వాళ్ల దగ్గర ఇది చిన్న రిపేరు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈసీఎం రిపేరు చేసేవాళ్లు ఉంటారు. ఇచ్చే ముందు పార్ట్ నంబర్, లోపలి డేటా బ్యాకప్ తీస్తారో లేదో అడగండి.

సెకండ్ హ్యాండ్ ఈసీఎం కొందామంటే పార్ట్ నంబర్ కలిస్తే సరిపోదు. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని వ్యవస్థ) తాళాన్ని గుర్తించదు, కారు స్టార్ట్ కాదు. పాతదాని డేటా కొత్తదానిలోకి ఎక్కించాలి, లేదా తాళాలు మళ్లీ నేర్పించాలి. కామన్ రైల్ డీజిల్ అయితే చాలా మోడళ్లలో ఇంజెక్టర్ల మీద ముద్రించిన కోడ్లు కూడా ఎక్కించాలి. ఏది బిగించినా, ముందు ఇగ్నిషన్ కాయిళ్లు, ఇంజెక్టర్లు షార్ట్ కాలేదని కొలిచి చూసుకోండి.

స్టార్ట్ అయ్యాక

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. కొత్త స్మార్ట్ డైనమోలు కావాలనే కాస్త పైకి కిందికి ఆడిస్తాయి. అదే చోట మీటర్‌ని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులకు మార్చండి. 0.5 దాటితే ఒక డయోడ్ సగం చచ్చి మిగిలింది. చార్జింగ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఆ అలలే కొన్నాళ్లకు మళ్లీ పిచ్చి కోడ్లు పుట్టిస్తాయి. తర్వాత అన్నీ ఆపి, తలుపులు లాక్ చేసి, అరగంట ఆగి బ్యాటరీ మైనస్ లైన్‌లో కరెంటు కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో మాడ్యూల్ నిద్రపోవడం లేదు. వారం రోజులు నడిపాక కోడ్లు మరోసారి చదవండి.

మొదటి ఒకటి రెండు రోజులు ఐడిలింగ్ పైకీ కిందికీ ఊగినా, డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకి పైకి లేవకపోయినా టెన్షన్ పడొద్దు. బ్యాటరీ తీయడంతో కారు నేర్చుకున్నవి మర్చిపోయింది అంతే. త్రాటిల్ రీలెర్న్, అద్దం రీసెట్ ఎలా చేయాలో ఓనర్ మాన్యువల్‌లోనో స్కానర్‌లోనో ఉంటుంది.